ఇంటర్వ్యూలో మాట్లాడటం ఎక్కడ నేర్చుకోవాలి? సీఆర్‌టీ, కోచింగ్ సెంటర్, ఆన్‌లైన్ కోర్సు, స్నేహితుల గుంపు: ఏది ఎవరికి

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ మొదలైందంటే చాలు, పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ నన్ను అడిగేది ఒకటే: "కమ్యూనికేషన్ స్కిల్స్‌కి ఎక్కడ చేరమంటారు సార్?" అప్పటికే వాళ్ల చేతిలో రెండు మూడు కరపత్రాలు ఉంటాయి. కాలేజీ ఎలాగూ సీఆర్‌టీ, అంటే క్యాంపస్ ఉద్యోగాల కోసం ఇచ్చే శిక్షణ పెడుతుంది. బాబాయి కొడుకు అమీర్‌పేటలో ఎక్కడో చేరాడని ఇంట్లో ఒక మాట నడుస్తుంటుంది. యూట్యూబ్ ఉండనే ఉంది.

కాలేజీలో ఇంగ్లిష్ చెబుతూ, మాక్ (నమూనా) ఇంటర్వ్యూల్లో పిల్లల ఎదురుగా కూర్చుంటూ నేను గమనించింది చెబుతాను. ఎక్కడ చేరినా చివరికి తేడా తెచ్చేవి రెండే. వారానికి మీరు ఎన్ని నిమిషాలు నోరు తెరిచి మాట్లాడుతున్నారు? మీరు మాట్లాడింది విని ఎవరైనా ఏం మార్చుకోవాలో చెబుతున్నారా? ఫీజు ఎంత, సర్టిఫికెట్ ఎవరిది, గదికి ఏసీ ఉందా అన్నవి వీటి తర్వాతే చూడాలి.

ముందు లోటు ఎక్కడుందో తేల్చుకోండి

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు మాట్లాడండి. మొదట తెలుగులోనే మాట్లాడండి. పక్క బ్రాంచిలో చదివే స్నేహితుడికి అర్థమయ్యేలా, ఏం చేశారు, ఎందుకు చేశారు, అందులో మీ వంతు ఎంత అన్నది చెప్పండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలుగులో కూడా నలభై సెకన్లకే మాట అయిపోతుంది. అలా ఆగిపోయినవాళ్లు "నాకు ఇంగ్లిష్ రాదు" అనుకుంటూ ఆరు నెలలు టెన్సులు బట్టీ పట్టినా ఇంటర్వ్యూలో నిలబడలేరు. వాళ్లకి లేనిది చెప్పడానికి సరుకు. దానికి మందు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో దొరకదు. ప్రాజెక్టు ఫైలు మళ్లీ తెరిచి, కోడ్ ఎవరు రాశారో, డేటా ఎక్కడిదో, ఏది పనిచేయలేదో కూర్చుని రాసుకోవాలి.

తెలుగులో గలగలా చెప్పి, ఇంగ్లిష్‌కి వచ్చేసరికి మాట తడబడితే అది భాష లోటు. దీనికి క్లాసు, టీచరు, సమయం కావాలి. గదిలో ఒంటరిగా రెండు భాషల్లోనూ బాగానే చెప్పి, నలుగురు ఎదురుగా ఉంటే గొంతు ఆరిపోతోందంటే అది భయం. భయం వినడం వల్ల పోదు, మళ్లీ మళ్లీ మనుషుల ముందు నిలబడటం వల్లే తగ్గుతుంది. ఇవన్నీ బాగానే ఉండి అసలు ఇంటర్వ్యూ పిలుపే రావడం లేదంటే చూడాల్సింది రెజ్యూమే, రాసే మెయిల్. ఈ నాలుగింటికీ ఒకే కోర్సు సరిపోదు. అందుకే "ఏది మంచిది" అని అడిగిన పిల్లల్ని నేను ముందు రికార్డింగ్ తెమ్మంటాను.

కాలేజీ సీఆర్‌టీ

క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్ అంటే ఎక్కువ కాలేజీల్లో బయటి ట్రైనర్లు వచ్చి ఆప్టిట్యూడ్, రీజనింగ్, వెర్బల్, కొంత సాఫ్ట్ స్కిల్స్ కలిపి చెప్పడం. ఇందులో పనికొచ్చేది కచ్చితంగా ఉంది. ఏ కంపెనీ పరీక్ష ఏ పద్ధతిలో ఉంటుందో, ఎన్ని రౌండ్లో, జీడీ (గ్రూప్ డిస్కషన్) ఉంటుందో లేదో ట్రైనర్లకు బాగా తెలుసు. ఆ సమాచారం మీరు విడిగా పోగేసుకోవాలంటే చాలా తిరగాలి.

మాట్లాడటం దగ్గరికి వచ్చేసరికి లెక్క తేలిపోతుంది. గదిలో అరవై మంది, గంట క్లాసు. ట్రైనర్ అరగంటే మాట్లాడి మిగిలిన అరగంట పిల్లలకు వదిలేసినా తలకి వచ్చేది అర నిమిషం. అలాంటి గంటలు ఎనభై జరిగినా ఒక్కొక్కరు మాట్లాడేది మొత్తం నలభై నిమిషాలు. నిజానికి అంత కూడా రాదు, ఎందుకంటే ముందు వరసలో పదిమందే మాట్లాడతారు, వెనక కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు. సెమినార్ హాల్లో రెండు సెక్షన్లు కలిపి కూర్చోబెడితే ఇక చెప్పనక్కర్లేదు.

కాబట్టి సీఆర్‌టీని పరీక్ష పద్ధతులు తెలుసుకోవడానికి వాడుకోండి. మాక్ ఇంటర్వ్యూ, మాక్ జీడీ ఉన్న రోజుల్లో మాత్రం మానకండి, మొదటి పేరు మీదే ఇవ్వండి. అవి అయ్యాక ట్రైనర్ దగ్గరికి వెళ్లి "నేను మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి" అని అడగండి. అడిగినవాళ్లకి ఏ ట్రైనరైనా చెబుతాడు.

ఇదే కాలేజీలో ఎవరూ పట్టించుకోని మంచి అవకాశం ఇంకొకటి ఉంది. జేఎన్‌టీయూ సిలబస్‌లో మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్, పై తరగతుల్లో అడ్వాన్స్‌డ్ కమ్యూనికేషన్ ల్యాబ్ ఉంటాయి. ల్యాబ్ కాబట్టి సెక్షన్‌ని బ్యాచిలుగా విడగొడతారు. జీడీ, ప్రెజెంటేషన్, రెజ్యూమే రాయడం అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్లలు మాత్రం రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడానికి వెళ్తారు, కొన్నిచోట్ల టీచర్లు కూడా దాన్ని అలాగే నడిపిస్తారు. ఆ గంటలు నిజంగా మాట్లాడటానికి వాడుకుంటే ఫీజు కట్టి చేరే చాలా కోర్సుల కంటే మేలు.

స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ, విశాఖ ద్వారకానగర్‌లో, ప్రతి జిల్లా కేంద్రంలో బస్టాండుకి దగ్గర్లో ఈ బోర్డులు కనిపిస్తాయి. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్‌లో వాక్యం కట్టడమే కష్టంగా ఉన్నవాళ్లకి మంచి సెంటర్ నిజంగా ఉపయోగపడుతుంది. రోజూ ఒక వేళకి వెళ్లడం, తప్పు మాట్లాడినా నవ్వని చోట కూర్చోవడం చిన్న విషయం కాదు.

అయితే "30 రోజుల్లో అనర్గళంగా" అన్న బోర్డుని నమ్మి డబ్బు కట్టకండి. భాష లోటు ఉన్నవాళ్లకి నెల రోజుల్లో వచ్చేది కొంత ధైర్యం, కొన్ని వాక్యాలు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, చాలా సెంటర్లు ఇంటర్వ్యూ జవాబులు రాయించి కంఠతా పట్టిస్తాయి. "మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ గుంటూరు, మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ బిలీవ్ ఎవ్రీవన్" అనే వరస వినని హెచ్‌ఆర్ మన రాష్ట్రాల్లో ఉండరు. పొద్దుటి నుంచి అదే విన్న మనిషికి పదకొండోసారి మీరూ అదే చెబితే మీ గురించి ఏమీ తెలియదు. పైగా కంఠస్థం చేసినవాళ్లు మధ్యలో ఒక ప్రశ్న పడగానే మొత్తం మరిచిపోతారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. తెలివైన పిల్లలు, సొంతంగా చెప్పుకోవడానికి ఎంతో ఉన్నవాళ్లు, ఎవరో రాసిచ్చిన నాలుగు వాక్యాల వెనక కనిపించకుండా పోతారు.

సెంటర్‌ని ఎలా పరీక్షించాలి? డెమో క్లాసు చూసి నిర్ణయించుకోవద్దు. డెమో రోజున అందరూ బాగానే చెబుతారు. ఇప్పటికే మూడు వారాలుగా నడుస్తున్న బ్యాచిలో ఒక గంట వెనక కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. ఒప్పుకుంటే ఆ గంటలో ఎంతమంది పిల్లలు మాట్లాడారో లెక్కపెట్టండి. బోర్డు మీద రాయడం, నోట్సు ఎక్కించుకోవడంతోనే గంట గడిచిపోతే బయటికి వచ్చేయండి. ఫీజు విడతలుగా కట్టనిస్తారా అన్నది కూడా అడగండి. కోర్సు ఫీజుతో పాటు "ఉద్యోగం గ్యారంటీ" అంటూ వేరే డబ్బు అడిగే చోట ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. నియామకం కోసం అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకునే దారి ఏదీ సరైనది కాదు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి నేను ముందుగా చెప్పేది దోమలగూడ రామకృష్ణ మఠంలోని వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లాంగ్వేజెస్. అక్కడ స్థాయిలవారీగా ఇంగ్లిష్ నేర్పుతారు, ఫీజు బయటి సెంటర్లతో పోలిస్తే తక్కువ. ప్రవేశాలు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కోవాలి, సీట్ల కోసం జనం బాగానే వస్తారు.

ప్రభుత్వ, సేవాసంస్థల శిక్షణ

ఇక్కడ చాలామందికి అందుబాటులో ఉన్నది తెలియకుండానే పోతుంది. తెలంగాణలో టాస్క్ (తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్), ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కాలేజీలతో కలిసి శిక్షణలు నడుపుతాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జేకేసీ, అంటే జవహర్ నాలెడ్జ్ సెంటర్ పేరు మీరు వినే ఉంటారు (తెలంగాణలో దీని పేరు మారింది). మీ కాలేజీలో అది పేరుకే ఉందో, నడుస్తోందో వెళ్లి చూడండి. నడిపే మేడమో సారో ఓపిక ఉన్నవాళ్లైతే అక్కడి చిన్న బ్యాచిలో దొరికే శ్రద్ధ సీఆర్‌టీలో దొరకదు.

గ్రామీణ పేద కుటుంబాల పిల్లలకి 2014 సెప్టెంబరులో మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. వయసు 15 నుంచి 35 ఏళ్లు, మహిళలకీ దివ్యాంగులకీ 45 వరకూ సడలింపు ఉంది. తెలంగాణలో ఈజీఎంఎం, ఆంధ్రలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూస్తాయి. శిక్షణ ఉచితం. రెసిడెన్షియల్ కేంద్రమైతే బస, భోజనం కూడా ఉంటాయి. వృత్తి పనితో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్, ఇంటర్వ్యూ మర్యాదలు నేర్పుతారు. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ గ్రో కార్యక్రమం కూడా ఇదే దారిలో నడుస్తుంది.

వీటిలో చేరేముందు అడగాల్సినవి: చివరికి చూపించే ఉద్యోగం ఏ రంగంలో, ఏ ఊళ్లో, చేతికి జీతం ఎంత, అక్కడ ఉండటానికి ఖర్చెంత. రిటైల్, హోటల్, ఆసుపత్రి, బీపీవో లాంటి ఉద్యోగాల వైపు వెళ్లేవాళ్లకి ఇది మంచి దారి. సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్నికల్ రౌండ్ కోసం సిద్ధమయ్యే బీటెక్ విద్యార్థికి ఇది సరిపడదు.

ఆన్‌లైన్ కోర్సులు, యాప్‌లు, ఏఐ

ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన సాఫ్ట్ స్కిల్స్ కోర్సులు ఉన్నాయి. చేరడం, వినడం ఉచితం, పరీక్ష రాయదలిస్తేనే ఫీజు. అసైన్‌మెంట్లకి 25 శాతం, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకి 75 శాతం మార్కులు. క్రెడిట్లు లెక్కలోకి తీసుకునే కాలేజీ అయితే తప్పకుండా చేయండి. టీసీఎస్ అయాన్ వాళ్ల కెరీర్ ఎడ్జ్ యంగ్ ప్రొఫెషనల్ 15 రోజుల ఉచిత కోర్సు, రెజ్యూమే, మెయిల్, ఇంటర్వ్యూ మర్యాదల గురించి ఏమీ తెలియనివాళ్లకి మొదటి మెట్టుగా బాగుంటుంది. కానీ వీటన్నిటిలో మీరు వింటారు, టిక్కులు పెడతారు, మాట్లాడరు. సర్టిఫికెట్ రెజ్యూమేలో ఒక వరుస అవుతుంది, అంతవరకే.

ఒక్క విషయంలో మాత్రం క్లాసురూమ్ కంటే ఫోనే మెరుగు. యాక్సెంచర్, కాగ్నిజెంట్ లాంటి కంపెనీలు ఫ్రెషర్లకి కమ్యూనికేషన్ పరీక్షను కంప్యూటర్ మీద పెడుతున్నాయి. పియర్సన్ వాళ్ల వెర్సాంట్ ఈ తరహాలో పేరున్నది. తెర మీది వాక్యం చదవాలి, విన్న వాక్యాన్ని తిరిగి చెప్పాలి, చిందరవందరగా వినిపించిన ముక్కల్ని వాక్యంగా కూర్చాలి, చిన్న కథ విని సొంత మాటల్లో చెప్పాలి. ఎదురుగా మనిషి ఉండడు, ఇంకోసారి చెప్పమని అడగడానికి వీల్లేదు. దీనికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని రోజూ పదిహేను నిమిషాలు విని చెప్పడం, రికార్డు చేసుకుని పోల్చుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. మన తెలుగువాళ్లు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. హల్లుతో ఆగాల్సిన మాట చివర మనకి తెలియకుండానే "ఉ" చేరుతుంది, బుక్ కాస్తా బుక్కు అవుతుంది. రెండోది, "జ" ఒక్కటే పలికి రెండు వేర్వేరు ధ్వనుల్ని కలిపేస్తాం, జూ (zoo), జూన్ (June) రెండూ ఒకేలా మొదలుపెడతాం. యాస మార్చుకోవాల్సిన పనేమీ లేదు. ఈ రెండూ సరిచేసుకుంటే మాట స్పష్టంగా అందుతుంది.

ఏఐతో మాట్లాడి సాధన చేయడం ఇప్పుడు సులువైంది. మీ రెజ్యూమే ఇచ్చి "దీని మీద ఒక్కొక్కటిగా ప్రశ్నలు వెయ్యి, నా జవాబులోంచే తర్వాతి ప్రశ్న తియ్యి" అని వాయిస్‌లో మాట్లాడండి. సిగ్గుపడేవాళ్లకి ఇది మంచి మొదటి అడుగు. జవాబులు మాత్రం దానితో రాయించుకోకండి. ఏఐ రాసిన రెజ్యూమేలో తాను పలకలేని మాట, తాను చేయని పని పెట్టుకుని వచ్చిన కుర్రాణ్ని మొదటి ప్రశ్నలోనే పట్టేస్తారు.

టోస్ట్‌మాస్టర్స్, లేదా నలుగురు స్నేహితులు

టోస్ట్‌మాస్టర్స్ 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ. హైదరాబాద్‌లో చాలా క్లబ్బులున్నాయి, విశాఖ, విజయవాడల్లోనూ ఉన్నాయి. 18 నిండినవాళ్లు చేరవచ్చు, సభ్యత్వ రుసుము ఉంటుంది, అతిథిగా వెళ్లి చూడటానికి సాధారణంగా ఏమీ తీసుకోరు. సిద్ధమై వచ్చి ఇచ్చే ప్రసంగం సాధారణంగా ఐదు నుంచి ఏడు నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు. ఒకరు టైము చూస్తారు, ఒకరు "అ... ఊ..."లు లెక్కపెడతారు, ఒకరు లేచి మీ ప్రసంగంలో బాగున్నదీ మార్చుకోవాల్సినదీ చెబుతారు. ఇంగ్లిష్ ఒక మాదిరిగా వచ్చి, భయం ఒక్కటే అడ్డంగా ఉన్నవాళ్లకి దీన్ని మించింది నాకు తెలియదు. వాక్యం కట్టడమే రానివాళ్లు ముందుగా ఇక్కడికి వెళ్తే బెదిరిపోతారు. ఇంకో సంగతి, ఇది ప్రసంగం నేర్పే చోటు. ఇంటర్వ్యూ ప్రశ్నోత్తరాలు విడిగా సాధన చేసుకోవాలి.

నా ఓటు ఎక్కువమంది విషయంలో స్నేహితుల గుంపుకే. ఖర్చు లేదు, ప్రయాణం లేదు, హాస్టల్ గది చాలు. ఐదుగురు కలవండి, గంట పెట్టుకోండి. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు: ఐదు నిమిషాలు మాట్లాడటం, మూడు నిమిషాలు ప్రశ్నలకి జవాబు, నాలుగు నిమిషాలు మిగతావాళ్లు చెప్పేది వినడం. అంటే గంటలో ఎనిమిది నిమిషాలు మీ నోరు పనిచేస్తుంది. వారానికి మూడు రోజులు కూర్చుంటే రెండు వారాల్లో నలభై ఎనిమిది నిమిషాలు. పైన లెక్కేసిన ఎనభై గంటల సీఆర్‌టీ మొత్తంలో దక్కేదాని కంటే ఎక్కువ.

గుంపు నిలబడాలంటే కొన్ని పద్ధతులు కావాలి. ఐదుగురిలో ఒకరైనా వేరే బ్రాంచి వాళ్లుండాలి, అప్పుడే ప్రాజెక్టుని విడమరిచి చెప్పడం అలవాటవుతుంది. మొదటి విడత తెలుగులో, రెండో విడత అదే విషయం ఇంగ్లిష్‌లో చెప్పండి. "మేం చేశాం" అన్నప్పుడల్లా ఒకరు ఆపి "అందులో నువ్వు చేసిందేంటి?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పగలిగిన పిల్లలు మాక్ ఇంటర్వ్యూలో వెంటనే వేరుగా కనిపిస్తారు. తప్పులు చెప్పేటప్పుడు ఒకసారికి ఒక్కటే చెప్పాలి. పది చెబితే మరుసటి రోజు ఆ మనిషి రాడు.

గుంపుకి ఒక పరిమితి ఉంది. అందరి ఇంగ్లిష్‌లోనూ ఒకే తప్పు ఉంటే ఎవరికీ వినిపించదు. అందుకని రెండు వారాలకోసారి ఇంగ్లిష్ లెక్చరర్‌నో, ఉద్యోగంలో చేరిన సీనియర్‌నో పిలవండి. రెజ్యూమే, మెయిల్ విషయంలోనూ సీనియర్ చూపే ముఖ్యం. ఒక పేజీ దాటకుండా, సబ్జెక్టు లైన్లో ఏ ఉద్యోగానికో రాసి, ఫైలుకి మీ పేరు పెట్టి పంపుతున్నారా అన్నది ఆయన ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. ఇంటర్‌లో సరదాకి పెట్టుకున్న మెయిల్ ఐడీ మార్చుకోండి.

తోటి లెక్చరర్లకి ఒక మాట. బయటి ట్రైనింగ్ ప్యాకేజీ కొనమని యాజమాన్యాన్ని అడిగేముందు, ఇలాంటి గుంపుల కోసం టైమ్‌టేబుల్లో వారానికి మూడు గంటలు, ఖాళీ గదులు అడగండి. మీరు గది గదికీ తిరుగుతూ వింటే చాలు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

జిల్లా కాలేజీలో బీటెక్ మూడో ఏడాది, ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడితే తడబాటు: గుంపు వెంటనే మొదలుపెట్టండి, ఫోన్‌లో విని చెప్పే సాధన రోజూ చేయండి, సీఆర్‌టీ కాలేజీలో ఎలాగూ ఉంటుంది. డబ్బు కట్టి బయట చేరనక్కర్లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చి ప్రభుత్వ కాలేజీలో బీకాం, సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పితే ఊరికి వెళ్లలేని అమ్మాయి: అమీర్‌పేట మాట ఎత్తకండి. మధ్యాహ్నం భోజనం తర్వాత జేకేసీలోనో ఖాళీ గదిలోనో ఇద్దరు ముగ్గురితో కూర్చోవాలి. వాక్యం కట్టడం నుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఏడాది ముందే మొదలుపెట్టాలి. పరీక్షలయ్యాక ఇంట్లో ఒప్పుకుంటే రెసిడెన్షియల్ శిక్షణ ఆలోచించాలి. ఆడపిల్లని పంపడానికి వెనకాడే అమ్మానాన్నలు ఒకసారి కేంద్రానికి స్వయంగా వెళ్లి, హాస్టల్ చూసి, అక్కడి పిల్లలతో మాట్లాడి రావడం మంచిది.

చదువైపోయి రెండేళ్లయింది, హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ వెతుకుతున్నారు: ఇంకో టెక్నాలజీ కోర్సులో చేరేముందు చదువు తర్వాతి ఖాళీ (గ్యాప్) గురించిన ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోండి. ఆ రెండేళ్లలో నిజంగా చేసింది చెప్పండి, ఇంటి బాధ్యత అయితే అదే చెప్పండి, నాలుగు వాక్యాలు చాలు. దగ్గర్లోని టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌కి అతిథిగా వెళ్లండి, అక్కడ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు పరిచయమవుతారు. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే అది హెచ్‌ఆర్ అయి ఉండొచ్చు. రోడ్డు మీద ఉంటే "పది నిమిషాల్లో నేనే చేస్తాను" అని ఇంగ్లిష్‌లో మర్యాదగా చెప్పడం ఈ రోజే సాధన చేయండి, చెప్పిన టైముకి తిరిగి చేయండి.